సందులో ఎదురు మేళం

ఎనభై ఆరు వరద తర్వాత గోదారికి మళ్ళీ అంత నీరు వచ్చిన ఏడాది అది. నీరు తీసింది గానీ నది మధ్య లంకల్లో బురద ఇంకా ఆరలేదు. అక్కడికి బియ్యం మోసిన జీపు పని అయిపోయిందని, దాన్ని రాష్ట్ర శబ్ద వారసత్వ మండలికి ఇచ్చారు. ఆ జీపు ఒకరోజు పొద్దున్నే వచ్చి మట్టా యేసుపాదం గుమ్మం ముందు ఆగింది. బియ్యమనుకుని కోడలు సంచి పట్టుకుని బయటికొచ్చింది. బియ్యం కాదు, మీ మావగారి పాత రికార్డు కోసమని చెప్పారు. ఆవిడ సంచి మడిచి లోపల పెట్టేసింది.

రికార్డు సంగతి ముందు చెప్పాలి.

యేసుపాదం కుర్రతనంలో రాజమండ్రిలో రెండు పెళ్ళి బ్యాండ్లకు పేరుండేది. ఒకటి న్యూస్టార్ బ్యాండు. దానికి మాస్టారు యేసుపాదం అన్న దేవసహాయం. వెనక వరసలో నిలబడి ట్రంపెట్టు ఊదేవాడు. ముందు వరసలో క్లారినెట్టు యేసుపాదానిది. రెండోది శ్రీ గౌతమీ బ్యాండు. అందులో శాక్సాఫోను సూరంపూడి అప్పన్నది. మద్రాసు నుంచి ఒక గ్రామఫోను కంపెనీ మనిషి న్యూస్టార్ వాయింపు పట్టుకుందామని వచ్చాడు. గదిలో కూర్చోబెడితే వీళ్ళకు ఊపిరాడలేదు. నడవకుండా వాయించడం వాళ్ళకు అలవాటు లేదు. సరే, పెళ్ళి ఊరేగింపులోనే పట్టుకుంటానని మిషను రిక్షాలో పెట్టుకుని మేళం పక్కనే నడిచాడు.

దీపాలు పెట్టే వేళకు ఊరేగింపు గంధంవారి సందులోకి తిరిగింది. ఒక పక్క నూనెమిల్లు గోడ. ఇంకో పక్క ఆడపిల్లల బడి గోడ. న్యూస్టార్ వాళ్ళు పెళ్ళికొడుకుని పెళ్ళికి తీసుకెళుతున్నారు. అవతల్నుంచి గౌతమీ వాళ్ళు పెళ్ళికూతుర్ని అత్తారింటికి తీసుకొస్తున్నారు. వీళ్ళది హుషారు పాట. వాళ్ళది అప్పగింతల పాట. సందు మధ్యలో రెండు మేళాలూ ఎదురుపడ్డాయి.

బ్యాండు వాళ్ళలో ఒక కట్టుబాటుంది. ఎదురు మేళం వస్తే పాట మార్చకూడదు, ఆపకూడదు. ఎవరి వాయింపు ముందు ఆగితే వాళ్ళు వెనక్కి నడవాలి. వాళ్ళ వెనక పెళ్ళి కారు కూడా వెనక్కి నడవాలి. పెళ్ళికి వెళ్ళే కారు వెనక్కి నడిస్తే ఏమవుతుందో ఎవరికీ తెలియదు గానీ, అలా నడిపించిన బ్యాండుకు ఏమవుతుందో అందరికీ తెలుసు. మళ్ళీ ఎవరూ పిలవరు. కాబట్టి రెండు మేళాలూ ఎదురెదురుగా నిలబడి వాయించాయి. ఒకళ్ళ పాట ఒకళ్ళ మీద పడింది. డోళ్ళు ఒకదాన్నొకటి తరుముకున్నాయి. అలా ఎంతసేపు వాయించారో ఎవరూ చూసుకోలేదు. రైలుకు వేళయిందని మద్రాసు మనిషి మిషను కట్టేసుకుని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత వాన దంచి కొట్టింది. పెట్రొమాక్సు లైట్లు ఆరిపోయాయి. ఆ చీకట్లో ఎవరు ఎటు జరిగారో ఎవరికీ కనపడలేదు. తెల్లారేసరికి మాత్రం అందరికీ తెలిసిపోయింది. దేవసహాయం ట్రంపెట్టు ముందు ఆగిందన్నారు.

న్యూస్టార్ బ్యాండు పెళ్ళిళ్ళ నుంచి చావు మేళాలకు దిగింది. దేవసహాయం మంచాన పడ్డాక కూడా, కన్ను మూసేదాకా ఒకటే మాట అన్నాడు. "నేను ఆపలేదురా తమ్ముడూ." యేసుపాదం అవునన్నాడు. కానీ అతను ముందు వరసలో ఉన్నాడు. కళ్ళు మూసుకుని ఊదుతున్నాడు. వెనక అన్న ఊదాడో ఆపాడో ఆ హోరులో అతనికి వినపడలేదు. అవునన్న మాట నిజమో కాదో తెలియకుండానే అన్నాడు. అది అతని గొంతులో చేపముల్లులా ఉండిపోయింది.

మద్రాసు కంపెనీ ఆ వాయింపుని రికార్డుగా వేసింది. రెండు వైపులా పట్టినంత పట్టించి, మిగతాది టేపు మీదే వదిలేసింది. ఊళ్ళో ఒక్కరూ కొనలేదు. అది తిరిగి తిరిగి బెల్జియం చేరింది. అక్కడి వాళ్ళు విని ఇది జాజ్ అన్నారు. అందులోనూ అన్నిటికంటే ముందుకు నడిచే జాజ్ అన్నారట. అవతలోళ్ళు ముందుకు నడవనివ్వకపోవడం వల్లే ఆ పాట పుట్టిందని వాళ్ళకెవరూ చెప్పలేదు. వాళ్ళు దాని మీద పుస్తకాలు రాసుకున్నారు. ఇన్నేళ్ళకు ఆ సంగతి మన ప్రభుత్వానికి తెలిసింది. మన శబ్దం పరాయి దేశంలో అంత పేరు తెచ్చుకుంటే మనం దాన్ని శుద్ధి చేయకుండా ఎలా ఊరుకున్నామని చట్టసభలో ఎవరో అడిగారు. మద్రాసు గోడౌనులో అసలు టేపు దొరికింది. రికార్డులో పట్టని తోక కూడా దానికే ఉంది.

ఆ తోక మాట విన్నాక యేసుపాదం జీపెక్కాడు.

మండలి డైరెక్టరు చావలి భానుమూర్తి గారు. అంతకుముందు చిన్ననీటి పారుదల శాఖలో ఉండేవారు. ఆ రోజు అప్పన్నను కూడా పిలిపించారు. ఇద్దరు ముసలాళ్ళూ బల్లకు చెరో చివర కూర్చున్నారు. ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూడలేదు. సందులో ఎదురుపడ్డ సాయంత్రం నుంచి వాళ్ళ మధ్య మాటల్లేవు. యంత్రాల పని చూసే హిమజ అనే అమ్మాయి రికార్డు పెట్టింది. డైరెక్టరు గారు నుదుటి మీద చెయ్యి పెట్టుకుని మొదటి వైపు సగం విన్నారు. ఆపమని సైగ చేశారు.

"సదరు శబ్దములో ఇరుపక్షముల వాదనలూ ఏకకాలమందు వినబడుచున్నవి," అన్నారు. "ఇరుపక్షములను ఏకకాలమందు వినుట ఏ కార్యాలయమందునూ ఆచారము కాదు."

అదే రికార్డండి, ఆ రెండూ ఢీకొనే చోటు కోసమే జనం వింటారు అని హిమజ చెప్పబోయింది. ఢీకొనుట రవాణా నిబంధనల ప్రకారం నేరమని, ప్రభుత్వం ఒక నేరాన్ని శుద్ధి చేసి మరింత స్పష్టంగా విడుదల చేయజాలదని డైరెక్టరు గారు సెలవిచ్చారు. తగాదా తేలాకే విడుదల అని తీర్మానించారు.

యేసుపాదం ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. నెలకి పది మాటలతో గడిపేస్తాడని కోడలు అంటుంది. ఆ రోజు మాత్రం లేచి నిలబడ్డాడు.

"ఆ టేపు తోక ఒకసారి వినిపించండి బాబూ. మా అన్న ఆపాడో లేదో తెలిస్తే చాలు. ఎల్లిపోతాను."

"అదెట్లా కుదురును పెద్దాయనా? తీర్పు ముందు విని, విచారణ తరువాత జరుపుదుమా?"

తోకని టేపు నుంచి కత్తిరించి రేకు డబ్బాలో పెట్టించారు. డబ్బాకి లక్క ముద్ర వేయించారు. దాన్ని డైరెక్టరు గారు వినరు, వింటే పక్షపాతం అవుతుంది. కింది ఉద్యోగులు వినకూడదు, వింటే క్రమశిక్షణ తప్పుతుంది. మంత్రిగారు వినకూడదు, వింటే రాజకీయం అవుతుంది. డబ్బా బీరువాలోకి వెళ్ళింది. బీరువా ముందు ఒక కానిస్టేబులు కూర్చున్నాడు.

విచారణ సందుతో మొదలైంది. ఎవరికి దారి హక్కు ఉందో తేల్చాలని సర్వేయరు గొలుసు పట్టుకుని గంధంవారి సందుకొచ్చాడు. అప్పన్న ఒక చివర, యేసుపాదం ఇంకో చివర నిలబడి చూశారు. సర్వేయరు గోడ నుంచి గోడకు కొలిచాడు. తర్వాత డోలు కొలత అడిగాడు, డోలు పక్కన మనిషి కొలత అడిగాడు, మనిషి మోచెయ్యి ఎంత దూరం ఆడుతుందని అడిగాడు. అన్నీ కలిపి చూసి, ఈ సందులో రెండు మేళాలు పట్టవని తేల్చాడు. పట్టవు కాబట్టి ఆ రోజు సందులో ఉన్నది ఒకటే మేళం. రెండోది ఆక్రమణ.

రికార్డులో రెండూ వినిపిస్తున్నాయి కదా బాబూ అని అప్పన్న అడిగాడట. వినిపించడం వేరే శాఖ అన్నాడట సర్వేయరు.

ఆక్రమణ ఏదో తేలకపోవడంతో రెండు మేళాలకూ నోటీసులిచ్చారు. మీ శబ్దాన్ని సదరు సందులోంచి ఎందుకు తొలగించకూడదో వారంలోగా చెప్పుకోమన్నారు. ఆ కాగితాన్ని యేసుపాదం కోడలు చదివి వినిపించింది. ఎప్పుడో గాల్లో కలిసిపోయిన శబ్దాన్ని ఇప్పుడెలా తీస్తారు మావయ్యా అంది. అతను కాగితం జేబులో పెట్టుకున్నాడు. మండలికి వెళ్ళి బల్ల ముందు నిలబడ్డాడు. వారం తర్వాత మళ్ళీ వెళ్ళి నిలబడ్డాడు. వెళ్ళినప్పుడల్లా అదే అడిగాడు. తోక వినాలి. వెళ్ళినప్పుడల్లా అదే చెప్పారు. ఒక్క పక్షానికే వినిపిస్తే ఏకపక్షం అవుతుంది. రెండో పక్షాన్ని వెంటబెట్టుకు రావాలి.

రెండో పక్షం అప్పన్న. అతని గుమ్మం తొక్కడం కంటే ముల్లు గొంతులో ఉంచుకోవడమే నయమని యేసుపాదం ఇంటికొచ్చేశాడు.

ఈలోపు ఊరు రెండైంది. ఉన్నాయో పోయాయో కూడా ఎవరికీ పట్టని రెండు బ్యాండ్లకి ఒక్కసారి మనుషులు పుట్టుకొచ్చారు. హుషారు పాట ఈల వేసినవాడు న్యూస్టార్ మనిషి. అప్పగింతల పాట ఈల వేసినవాడు గౌతమీ మనిషి. కోటిపల్లి బస్టాండు దగ్గర ఇద్దరు ఆటోవాళ్ళు ఈలలతో మొదలుపెట్టి చొక్కాలు చించుకున్నారు. దాంతో నలుగురు కలిసిన చోట ఈల వేయరాదని దండోరా వేశారు. కుక్కర్లకు మినహాయింపు ఉందా అని ఒక ఇల్లాలు అడిగితే, పరిశీలనలో ఉందన్నారు.

ఇలా అయితే తేలదని, తగాదా వదిలేసి సమన్యాయం చేద్దామని డైరెక్టరు గారు పట్టుబట్టారు. ఇప్పుడు యంత్రాలు బాగా వచ్చాయి. కలిసిన శబ్దాన్ని విడదీయచ్చు. న్యూస్టార్‌ని ఎడమ చెవిలో, గౌతమీని కుడి చెవిలో వినిపించమన్నారు. హిమజ అలాగే చేసింది. వెంటనే న్యూస్టార్ వాళ్ళ పేట నుంచి జనం వచ్చి మెట్ల మీద కూర్చున్నారు. ఎడం చేత్తో ఎవరూ అక్షింతలు వెయ్యరు, మమ్మల్ని ఎడం చెవిలో ఎలా వేశారన్నారు. చెవులు మార్చారు. గౌతమీ వాళ్ళొచ్చి అవే మెట్ల మీద కూర్చున్నారు. పాట సగంలో చెవులు మార్చమన్నారు డైరెక్టరు గారు. ముందు సగం ఎవరిది కుడి అన్నారు మెట్ల మీది వాళ్ళు.

ఆఖరికి కమిటీ కూర్చుంది. సభల్లో వక్తలు ఎలా మాట్లాడతారో అలాగే మేళాలు కూడా వాయించాలని నిర్ణయించింది. ఒక నిమిషం వీళ్ళు, ఒక నిమిషం వాళ్ళు. ఒకరు వాయించేటప్పుడు రెండోవారు మర్యాదగా ఊరుకోవాలి. ఎవరు ముందన్న పేచీ రాకుండా మొదటి నిమిషం డైరెక్టరు గారి స్వాగతోపన్యాసం. కీచులు తీసేశారు. బూరల్లో ఎంగిలి చప్పుడు తీసేశారు. జనం కేకలు, రిక్షా బెల్లు, నూనెమిల్లు కూత, అన్నీ తీసేశారు. పెళ్ళిళ్ళు రెండు కాబట్టి వాటి మీద కూడా తగాదా వస్తుందని పెళ్ళిళ్ళు కూడా తీసేశారు. పూలు చల్లండర్రా అని ఒక ముసలమ్మ అరిచిన అరుపు ఉండేది, అదీ పోయింది. హిమజ మాత్రం ఆ పని చేస్తున్నన్నాళ్ళూ భోజనం సరిగ్గా చేయలేదని మండలి క్యాంటీను వంటావిడ చెప్పింది.

ముగింపు దగ్గర ఇబ్బంది వచ్చింది. ముగింపు డబ్బాలో ఉంది. డబ్బాలో ఎవరో ఒకరు ఓడిపోయి ఉన్నారు.

"ఓటమి వారసత్వం కాజాలదు," అన్నారు డైరెక్టరు గారు. పోలీసు బ్యాండు చేత కొత్త ముగింపు వాయించి అతికించారు. అందులో అందరూ ఒకే పాట, ఒకే తాళం, ఒకేసారి మొదలు, ఒకేసారి ఆఖరు.

విడుదల సభ ఆనం కళాకేంద్రం కంటే పెద్ద హాల్లో చేయాలనుకుని, అంత జనం రారని తెలిసి మండలి మేడ మీద షామియానా వేశారు. బెల్జియం నుంచి ఒక దొర వచ్చాడు. ఆ రికార్డు మీద పుస్తకం రాసినవాడే. ఇద్దరు ముసలాళ్ళకీ శాలువాలు కప్పి మొదటి వరసలో పక్కపక్కనే కూర్చోబెట్టారు. దూరంగా కూర్చోబెడితే అసమానత అవుతుందట.

శుద్ధి చేసిన రికార్డు పెట్టారు. డైరెక్టరు గారి గొంతు వచ్చింది. తర్వాత న్యూస్టార్ హుషారు పాట ఒక నిమిషం వచ్చి ఆగింది. అప్పగింతల పాట ఒక నిమిషం వచ్చి ఆగింది. పాటలు రెండూ శుభ్రంగా ఉన్నాయి. ఏ పెళ్ళిలోనైనా వినపడేవే. నిమిషం నిమిషానికీ దేవసహాయం ట్రంపెట్టు ఆగుతుంటే యేసుపాదం కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. ఒక్కసారి ఆగిందన్న పేరుకే అన్న మంచం పట్టాడు. ఇప్పుడు ప్రభుత్వం వారు అచ్చు వేసి మరీ ఆపిస్తున్నారు. చప్పట్లు కొడుతున్నారు.

దొర కళ్ళ నీళ్ళు తుడుచుకున్నాడు. అవి ఆనందబాష్పాలని పత్రికలకు ఇచ్చిన ప్రకటనలో రాశారు.

పోలీసు బ్యాండు ముగింపు నడుస్తుండగా అప్పన్న నోరు విప్పాడు. తల తిప్పకుండానే అన్నాడు.

"ఇదేం పీడరా బాబూ. ఇంతకంటే మనం కొట్టుకున్నదే బాగుంది."

యేసుపాదం కూడా తల తిప్పకుండానే అడిగాడు. "ఆ రోజు మా అన్న ఆపడం నువ్వు చూశావా?"

అప్పన్న శాలువా సర్దుకున్నాడు.

"నేనెక్కడ చూశాన్రా. కళ్ళు మూసుకుని ఊదుతున్నా. ఈలోపు వాన. ఇంటికెళ్ళి పడుకున్నా. పొద్దున్న లేచేసరికి మేం గెలిచామన్నారు. కాదనడానికి నాకేం పట్టింది? పిలుపులొచ్చాయి, ఎల్లాను. పిల్లల పెళ్ళిళ్ళు చేశాను. నిద్ర మాత్రం... సర్లే." మళ్ళీ అన్నాడు. "నువ్వు వచ్చి పిలుస్తావేమోనని చూశా, ఆ డబ్బా వినడానికి. రాలేదు."

"నువ్వెందుకు రాలేదు?"

"ఓడిపోతానేమోనని."

సభ అయ్యాక కింద హిమజ బీరువా ఖాళీ చేస్తోంది. రికార్డు విడుదలైంది కాబట్టి తగాదా లేదు. తగాదా లేదు కాబట్టి ఫైలు మూసేశారు. ఫైలు మూసేశారు కాబట్టి కానిస్టేబుల్ని వెనక్కి పిలిపించుకున్నారు. రేకు డబ్బా ఇప్పుడు ఆఫీసు లెక్కలో ఖాళీ డబ్బా. లోపలున్నది పాత టేపు ముక్క, పారేయమన్నారు. ఆవిడ దాన్ని చేతిలో పట్టుకుని నిలబడి ఉండగా ఇద్దరు ముసలాళ్ళూ శాలువాలతోనే గుమ్మంలోకి వచ్చారు.

హిమజ తలుపు దగ్గరగా వేసింది. లక్క పగలగొట్టింది. వింటానికి ఇప్పుడు ఎవరి అనుమతీ అక్కర్లేదు తాతగారూ అంది. టేపు ముక్కని మిషనుకి చుట్టి బటను నొక్కింది.

గది నిండా సందు వచ్చి పడింది. కీచులూ, ఎంగిలి చప్పుడూ, కేకలూ, నూనెమిల్లూ, అన్నీ వచ్చాయి. హుషారు పాట అప్పగింతల పాట మీదికెక్కింది. అప్పగింతల పాట దాన్ని తోసింది. ఏది ఎవరిదో తెలియని చోట ఒక్కొక్కసారి మూడో పాట ఏదో పుట్టి మళ్ళీ పోయింది. యేసుపాదం కళ్ళు మూసుకోలేదు. తన క్లారినెట్టు వినపడింది. దాన్ని పక్కకు నెట్టి వెనక వరస కోసం వెతికాడు. ఉంది. దేవసహాయం ట్రంపెట్టు ఉంది. పెదవి పగిలినట్టుంది, గరగరగా ఉంది. అయినా పైకే పోతోంది. అప్పన్న శాక్సాఫోను దాని కిందనుంచి వస్తోంది. ఇప్పుడాగుతుంది, ఇదిగో ఇప్పుడు అని యేసుపాదం మిషను మీదికి వంగాడు.

ఆగలేదు. రెండు మేళాలూ గొంతు చించుకుని మోగుతుండగానే టేపు అయిపోయింది. కొస చక్రం మీదనుంచి జారి టపటప కొట్టుకుంటూ తిరిగింది.

అంతే. అందులో ముగింపు లేదు. ఓడినవాడు లేడు. మద్రాసు మనిషి రైలుకి వెళ్ళిపోయాడు. లక్క ముద్ర వేసి, కానిస్టేబుల్ని కూర్చోబెట్టి, ఊరంతా ఈలలు ఆపించి మండలి కాపలా కాసిన తీర్పు అదే.

చక్రం తిరుగుతూనే ఉంది. హిమజ ఆపడానికి చెయ్యి పెట్టి మళ్ళీ తీసేసింది.

"మీ అన్న ఊదుతూనే ఉన్నాడ్రా," అన్నాడు అప్పన్న.

యేసుపాదం తలూపాడు. నువ్వూ ఊదుతూనే ఉన్నావన్నాడు.

ఆ తర్వాత వానలో ఏం జరిగిందో అప్పన్నా అడగలేదు, అతనూ అడగలేదు. ఇద్దరూ ఒకే ఆటోలో ఇళ్ళకు వెళ్ళారు. ఆటోవాడు ఏదో ఈల వేయబోయి, వెనక సీట్లో ఎవరున్నారో అద్దంలో చూసి మానేశాడు.

మర్నాడు పొద్దున్నే యేసుపాదం పెట్టె అడుగునుంచి క్లారినెట్టు తీశాడు. మూతి దగ్గరి రీడు ఎండిపోయి ఉంటే నోట్లో పెట్టుకుని చాలాసేపు నానబెట్టాడు. అరుగు మీద కూర్చుని, నిన్న టేపు ఎక్కడ తెగిందో అక్కణ్ణుంచి అందుకున్నాడు. మొదట గాలే వచ్చింది. తర్వాత కీచు వచ్చింది. ఆ తర్వాత పాట వచ్చింది. ఎదురింటివాళ్ళు కిటికీ మూసుకున్నారు. పాలవాడు బండి దిగి చూస్తూ నిలబడ్డాడు. కోడలు వచ్చి, టీ చల్లారిపోతోంది మావయ్యా, ఇంక ఆపండి అంది.

ఆపలేదు.